పదకొండు పేర్లు

మార్చి 4

ఒక విషయం తెలియకుండా ఉండటానికి మనిషి ఎంత కష్టపడితే అది అబద్ధం కిందికి వస్తుంది?

ఈ ప్రశ్న నాలో ఇరవై రెండేళ్ళుగా ఉంది. నాన్న బల్ల సొరుగులో డాక్టరు కవరు కనపడిన రోజు మొదలైంది. అది అంటించి కూడా లేదు. నేను తెరవకుండా సొరుగు మూసేశాను. ఎమ్మేలో రెండేళ్ళు తత్వశాస్త్రం చదివాను కాని దీనికి జవాబు చెప్పే పేపరు ఏదీ లేదు.

ఇవాళ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాను. నలభై ఏడు రోజుల తర్వాత. ఇల్లంతా ఫినాయిల్ వాసన. ఈయన నా మంచాన్ని కిటికీ పక్కకి జరిపించారు. "గాలి వస్తుందని," అన్నారు. అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వింది. పదహారేళ్ళ పిల్ల, పరిగెత్తుకు వచ్చి మీద పడేది. నిలబడే నవ్వింది.

నా కప్పు అడుగున ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టారు.

మార్చి 5

చుక్క అమ్మాయి పెట్టిందట. "కలిసిపోకుండా" అంది. తప్పేముంది.

మార్చి 9

ఉదయం పరగడుపున మాత్రలు. గంట తర్వాత టిఫిన్. మూత్రం నారింజ రంగులో వస్తూనే ఉంది. ఆసుపత్రిలో మొదటిసారి చూసి హడలిపోతే పక్క మంచం ఆవిడ, "భయపడకమ్మా, లోపల పెయింటింగ్ పని జరుగుతోంది" అంది. ఆ వార్డులో నవ్వించేవాళ్ళే ఎక్కువ. ఇంట్లో ఎవరూ జోకులు వేయట్లేదు.

కఫంలో ఇప్పుడు టీబీ క్రిములు లేవు, ఈమె వల్ల ఎవరికీ ఏమీ కాదు అని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని ఈయన ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టారు. వచ్చినవాళ్ళకి కనపడాలని. ఎవరూ రావట్లేదు. మరిది ఫోను చేశాడు. పిల్లలకి పరీక్షలట. మార్చి అంతా పరీక్షలేనట.

వాళ్ళకి కోపం రావటం సహజమే. వాళ్ళ పేర్లు ఇచ్చింది నేనే కదా. ఆసుపత్రిలో చేరిన రెండో రోజు ఒక నర్సు అట్ట పట్టుకుని వచ్చి కూర్చుంది. మూసిన గదిలో, దగ్గర దగ్గరగా, గంటల తరబడి మీతో గడిపినవాళ్ళందరి పేర్లూ చెప్పమంది. నూటమూడు జ్వరంలో కూడా అందరి పేర్లూ చెప్పాను. ఈయన, అమ్మాయి, వంటమనిషి, పక్కింటి పెద్దాయన, ట్యూషన్ మాస్టారు, మరిది, తోడికోడలు, వాళ్ళ కవలలు, రోజూ నన్ను కారులో తీసుకెళ్ళే అతను. ఆఫీసులో నా గొంతు రికార్డు చేసే రికార్డిస్టు. రికార్డిస్టు అద్దానికి అవతల కూర్చుంటాడు. అయినా చెప్పాను. పదకొండు పేర్లు. పదకొండు మందికీ పరీక్షలు చేశారు. ఎవరికీ లేదు.

ఒక్కరికీ లేదు. దేవుడున్నాడు అనుకున్నాను, నేను అలా అనుకునే మనిషిని కాకపోయినా.

మార్చి 14

ఆఫీసు నుంచి పని వచ్చింది. ఇంట్లో కూర్చుని ఫైళ్ళు శుభ్రం చేయమన్నారు. చాలా సంతోషం వేసింది. ఏడ్చాను కూడా, కొంచెం.

పదేళ్ళుగా నా పని చదవటం. కళ్ళు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివితే రికార్డు చేస్తారు. చదివే గది పెద్ద బీరువా అంత ఉంటుంది. గోడలకి దుప్పటి లాంటి గుడ్డ, తలుపు అంచున రబ్బరు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి ఫ్యాను ఉండదు. లోపల ఇద్దరం. నేను మైకు ముందు, మూరెడు దూరంలో చెవులమ్మ. ఆమెకి పుట్టుకతో చూపు లేదు. ఒళ్ళో బ్రెయిలీ ప్రతి పెట్టుకుని నేను చదివేది వేళ్ళతో సరిచూస్తుంది, తప్పు పోతే ఆపుతుంది. ఆ పేరు ఆమె పెట్టుకున్నదే. "మీకు కళ్ళద్దాలమ్మలు ఉంటారు కదా, నేను చెవులమ్మని" అంటుంది.

నా బదులు ఇప్పుడు ఒక రిటైరైన మాస్టారు చదువుతున్నారు. ఆయన గొంతులో ఊపిరి చప్పుళ్ళు, పెదాల చప్పుళ్ళు తీసేయటం నా పని.

చెవులమ్మే ఫోను చేసింది.

"అక్కా, ఉన్నావా, పోయావా?"

"ఉన్నానే."

"ఉంటే ఒక మాట చెప్పకూడదూ. ఇక్కడ మీ మాస్టారు కామా దగ్గర ఆగితే కాఫీ తాగొచ్చేంత టైముంటోంది. నాకు నిద్రొచ్చేస్తోంది."

"నువ్వు నిద్రపోతే తప్పులెవరు పడతారు?"

"నిద్రలో కూడా పడతాలే. ఎప్పుడొస్తున్నావు?"

నేనెప్పుడు వస్తానని అడిగిన మొదటి మనిషి.

మార్చి 17

ఫిబ్రవరి మొదటివారం ఫైలు. భూగోళం, మూడో పాఠం. ముప్పై ఎనిమిదో నిమిషం దగ్గర ఏదో ఉంది. మాస్టారి గొంతు కాదు. మైకుకి పక్కనుంచి వచ్చింది. మింగేసిన దగ్గు.

కోసేశాను.

మార్చి 18

గొంతు ఎండిపోయి ఉంటుంది. ఆ గదిలో ఎవరికైనా ఎండుతుంది.

మార్చి 22

ఫిబ్రవరి ఆఖరి వారం ఫైళ్ళలో పావుగంటకి ఒకటి. ఈ నెల మొదటి వారం ఫైళ్ళలో ఆరేడు నిమిషాలకి ఒకటి. మాస్టారు వాక్యం పూర్తి చేసేవరకు ఆమె ఆపుకుంటుంది. ఫుల్‌స్టాపులో దగ్గుతుంది. చదివేవాళ్ళకి ఇబ్బంది కలగకూడదని. నాకు హెడ్‌ఫోన్లలో ఆ ఆపుకోవటం కూడా వినపడుతోంది. ఊపిరి బిగబట్టిన చప్పుడు.

ఆ చప్పుడు నాకు తెలుసు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా నేనూ అలాగే బిగబట్టాను. ఆ రోజుల్లో నా ఫైళ్ళు నేనే శుభ్రం చేసుకుంటానని రికార్డిస్టుతో పట్టుబట్టి ఇంటికి తెచ్చుకునేదాన్ని. "మీకెందుకు మేడం శ్రమ" అనేవాడు. నవంబరులో ఒక్క పాఠంలో అరవై ఒక్క దగ్గులు కోశాను.

లెక్క గుర్తుందంటే అప్పుడే లెక్కపెట్టానన్నమాట.

ఆమెవి అన్నీ కోసేశాను. అతుకు కనపడకుండా కోయటం నాకు బాగా వచ్చు.

మార్చి 26

ఆఫీసుకి వెళ్ళాను. వెళ్ళి చూస్తే తేలిపోతుంది, అనవసరంగా భయపడుతున్నానని. అదీ నా ఉద్దేశం.

రికార్డిస్టు లేచి నిలబడ్డాడు. "రండి మేడం, రండి. అక్కడ కాదు, ఇటు కూర్చోండి. ఇక్కడ గాలి బాగా వస్తుంది." చూపించిన కుర్చీ తలుపు బయట, వరండాలో ఉంది. కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కనక, "మీరు పంపిన ఫైళ్ళు అద్దంలా ఉన్నాయి మేడం, ఒక్క చప్పుడు లేదు" అన్నాడు.

చెవులమ్మ నా గొంతు విని కర్ర ఊపుకుంటూ వచ్చేసింది. వచ్చి పక్కన కూర్చుని నా చేయి పట్టుకుంది. రెండు నెలల్లో చేతి తొడుగు లేకుండా నా చేయి పట్టుకున్న మొదటి మనిషి. మోచేతి దాకా తడిమి చూసింది.

"అబ్బో, ఒళ్ళు చేశావే. ఆసుపత్రి తిండి తిని ఒళ్ళు చేసిన మనిషివి నువ్వొక్కదానివే."

"మాత్రలకి ఆకలేస్తుంది."

"నాకూ రాయించు రెండు."

ఆమె వాచీకి గాజు మూత ఉంటుంది, తెరిచి ముళ్ళు తడిమి టైము చూసుకుంటుంది. ఆ వాచీ ముంజేతి మీద సగం దాకా జారి ఉంది. పట్టీకి కొత్త చిల్లు.

"ఇదేమిటే ఇలా అయ్యావు?"

"హాస్టల్ భోజనం, అక్కా. ఆరుగురం ఒక గదిలో ఉంటాం, ఆరుగురమూ పుల్లల్లా ఉన్నాం. చీపురు కట్టొచ్చు." తనే నవ్వింది. నవ్వు దగ్గయింది. ముఖం పక్కకి తిప్పుకుని, మోచేతిలోకి దగ్గి, "సారీ" అంది.

ఆమె సారీ చెప్పింది, నాకు.

"ఎప్పటి నుంచి?"

"వాతావరణం మారింది కదా."

అవునన్నాను. మారిందన్నాను.

మార్చి 27

ఏమీ రాయబుద్ధి కావట్లేదు.

మార్చి 30

ఆమెకి వస్తే నా నుంచే వచ్చిందని ఎవరు చెప్పగలరు. బస్సులో రావచ్చు. హాస్టల్లో రావచ్చు. ఎక్కడైనా రావచ్చు.

అమ్మాయి ఇవాళ నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. కాళ్ళు పైకి పెట్టుకుని, పాతరోజుల్లో లాగ. "అమ్మా, చుక్క చెరిపేయనా?" అంది. ఉండనీ అన్నాను. బిక్కముఖం వేసింది. దానికి ఎలా చెప్పను, ఆ చుక్క ఒక్కటే ఈ ఇంట్లో నన్ను నమ్మని వస్తువని, అందుకే నాకు అది కావాలని.

ఏప్రిల్ 2

నర్సు మాత్రలు లెక్క చూడటానికి ఇంటికి వచ్చింది. ఆసుపత్రిలో పేర్లు రాసుకున్నామె కాదు, మా పేటకి వేరే ఆమె. వయసులో చిన్నది, చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చింది. అదే అట్ట. అదే పట్టిక.

"పదకొండు మందీ బాగున్నారు మేడం. మళ్ళీ మూడు నెలలకి ఒకసారి చూస్తాం. ఇంకెవరైనా గుర్తొచ్చారా?"

"లేదు."

"చాలామందికి తర్వాత గుర్తొస్తారు. జ్వరంలో చెప్తారు కదా. ఇప్పుడు చెప్పినా రాసుకుంటా, తప్పేం లేదు."

"లేరమ్మా."

"ఆఫీసులో ఒక్కరి పేరే ఉంది. చదివే గది అన్నారు కదా, అందులో?"

"చదివేది నేనొక్కదాన్నే."

రాసుకుంది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగింది. మా ఇంట్లో నీళ్ళు తాగే మనుషులు తగ్గారు కనక గమనించాను.

నేను అబద్ధం చెప్పలేదు. చదివేది నేనొక్కదాన్నే. ఆమె వింటుంది.

ఏప్రిల్ 3

నిన్న రాసింది ఇప్పుడు చదివాను. ఛీ.

కాని ఆలోచించాలి. ఆమె పేరు ఇస్తే హాస్టలుకి వెళ్తారు. ఆరుగురున్న గది. వార్డెన్‌కి తెలుస్తుంది. సొంత తోడికోడలే నా ఫోను ఎత్తట్లేదు, ఇక హాస్టలు వాళ్ళు ఆమెని గదిలో ఉండనిస్తారా? చూపు లేని మనిషి, కొత్త గది ఎక్కడ వెతుక్కుంటుంది? మెట్లు లెక్క తెలిసిన చోటు అదొక్కటే ఆమెకి. పేరు చెప్పకపోవటంలో ఆమె మంచి కూడా ఉంది.

జనవరిలోనూ నేను ఇదే ఆలోచించి ఉంటాను.

ఉంటాను అని రాస్తున్నాను. గుర్తుంది అని రాయలేకపోతున్నాను.

ఏప్రిల్ 6

ఫోను. ఆమె గొంతు బొంగురుపోయింది.

"వార్డెన్ సిరప్ ఇచ్చింది అక్కా. నిద్ర మాత్రం బాగా పడుతోంది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందిలే, కొంచెం. అది సరే, మాస్టారికి కూడా గొంతు గరగర అట. పాపం, నా ఫుల్‌స్టాపు దగ్గులు ఆయనకి అంటుకున్నట్టున్నాయి."

"వేడినీళ్ళు తాగు."

ఎమ్మే చదివిన మనిషిని. సాయంత్రం జ్వరం అంటే ఏమిటో నలభై ఏడు రోజులు పడుకుని నేర్చుకున్న మనిషిని. వేడినీళ్ళు తాగు అన్నాను.

ఏప్రిల్ 9

ఈయనకి చెప్పాను. పేపరు చదువుతున్నారు. చదవటం ఆపలేదు, మడత మాత్రం పెట్టారు.

"ఆ అమ్మాయి పేరు నువ్వు చెప్పలేదా?"

"లేదండి."

"జ్వరంలో ఉన్నావు. మర్చిపోయావు. అంతే."

"రికార్డిస్టు పేరు చెప్పాను కదా. అద్దం అవతల ఉన్నవాణ్ణి గుర్తుపెట్టుకుని పక్కనున్నదాన్ని మర్చిపోతానా?"

"జ్వరానికి లాజిక్కు ఉంటుందా? ఇప్పుడు చెప్తే నాలుగు నెలలు దగ్గుతూ ఆ గదిలో కూర్చున్నావని బయటపడుతుంది. ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా? నెల చూడు. తగ్గితే తగ్గుతుంది."

"తగ్గకపోతే?"

"వాళ్ళే చూపించుకుంటారు. చిన్నపిల్ల కాదు కదా."

ప్రతి మాటా సరిగానే ఉంది. ఏ మాటలోనూ పట్టుకోవటానికి తప్పు లేదు. పదేళ్ళుగా తప్పులు పట్టే మనిషి పక్కన కూర్చున్నాను, అందుకని భయం వేసింది. ఇంత బాగా నా మనసు చదివి నాకే వినిపించారు ఈయన.

ఏప్రిల్ 11

చెప్పాను.

మధ్యాహ్నం టీ వేళకి వెళ్ళి, బయట బెంచీ మీద కూర్చోబెట్టి, వరసగా చెప్పాను. దగ్గు, సాయంత్రం జ్వరం, వాచీ పట్టీ. రేపే పరీక్ష చేయించుకోమని, నేను కూడా వస్తానని. మందు ఉందని, తగ్గుతుందని, నన్ను చూడమని. చూడమని అన్నందుకు నాలుక కరుచుకున్నాను. ఆమె పట్టించుకోలేదు.

"నీ నుంచేనా?"

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చేమిటి అక్కా. నవంబరు నుంచి నీ దగ్గు వింటూనే ఉన్నాను. పొగగొట్టంలోంచి వచ్చినట్టుండేది. నువ్వేమో దుమ్ము, దుమ్ము అనేదానివి. చదువుకున్నదానివి, నీకు తెలియదా అని ఊరుకున్నాను."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. చప్పుడు విని ఆమె మళ్ళీ అందుకుంది.

"మరి రికార్డిస్టుని పరీక్షకి పిలిచారు కదా జనవరిలో. కారు నడిపే అతన్ని కూడా పిలిచారట. నన్నెవరూ పిలవలేదు. కళ్ళు లేనిదాన్ని, ఎక్కడికి తిప్పుతాంలే అని వదిలేశారనుకున్నాను. చాలాచోట్ల వదిలేస్తారు, అలవాటే. వాళ్ళు కాదా వదిలేసింది?"

"కాదు."

"నా పేరు నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు."

బెంచీ మీద పక్కకి జరగలేదు. జరిగితే బాగుండేది. ముఖం నా వైపు కాదు, చెవి నా వైపు పెట్టింది. రీడింగ్‌లో కూర్చున్నట్టే కూర్చుంది.

"మర్చిపోయావా, వదిలేశావా? ఒక్కటే చెప్పు."

"మర్చిపోయాను."

"మళ్ళీ చెప్పు."

"మర్చిపోయాను."

"రెండుసార్లూ ఒకేలా అన్నావు. పుస్తకం చూసి చదివినట్టుంది. మనిషి గుర్తు చేసుకుని చెప్పేదైతే రెండోసారి కొంచెమన్నా మారుతుంది."

తర్వాత లేచింది. "రేపు ఎన్ని గంటలకి?" అంది. తొమ్మిది అన్నాను. చేయి అందించాను. కర్రతో వెళ్ళింది.

ఏప్రిల్ 12

తొమ్మిదింటికి వెళ్ళాం. లైనులో ఆమె నాతో మాట్లాడలేదు. పక్కనున్న ముసలావిడతో మాట్లాడి, నవ్వించింది.

ఏప్రిల్ 15

ఉంది. ఎక్స్‌రేలో రెండు వైపులా.

ఏప్రిల్ 16

హాస్టల్ వార్డెన్ ఆమె సామాను రెండు సంచుల్లో సర్ది గేటు దగ్గర కుర్చీలో పెట్టించింది. ఆసుపత్రి కారు వచ్చేదాకా ఆమె కూడా అక్కడే, ఎండలో. నేను మరీ పొరపాటుగా ఊహించలేదన్నమాట. ఆ సంతృప్తి ఒక్క క్షణం కలిగింది నాకు. ఉన్నది ఉన్నట్టు రాయాలి కనక రాస్తున్నాను.

సంచులు నేను తెచ్చాను. బ్రెయిలీ పుస్తకాలు ఇంత బరువుంటాయని తెలియదు, పదేళ్ళు ఒకే గదిలో ఉండి. ఇంట్లో నా గదిలో, కిటికీ పక్కన పెట్టాను. అమ్మాయి సంచి పట్టుకుని మెట్లెక్కింది. చేతులు కడుక్కుంది. నేను చూశానని చూసి, సిగ్గుపడింది.

ఏప్రిల్ 18

వార్డుకి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టిన ఆయా, "మళ్ళీ మీరా మేడం, ఇక్కడ బాగుందా?" అని నవ్వింది. చెవులమ్మ నిద్రపోతోందని చెప్పింది. గాజు తలుపులోంచి చూశాను. గోడ వైపు తిరిగి పడుకుంది. నా అడుగులు ఆమెకి తెలుసు. కారిడారు చివరి నుంచే పోల్చగలదు. నిద్రపోతోందనే అనుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 21

నర్సు వచ్చింది. ఈసారి నీళ్ళు అడగలేదు.

పట్టికలో పన్నెండో పేరు నేనే నా చేత్తో రాయాలట. రాశాను. ఆఫీసుకి కూడా కాగితం వెళ్తుంది. వెళ్ళనీ. చెవులమ్మ గదిలో మిగిలిన ఐదుగురికీ పరీక్షలు చేశారు. ఒకమ్మాయికి అనుమానంగా ఉందట. ఆ అమ్మాయి పసిపిల్లల బడిలో ఆయాగా పని చేస్తుందట. మాస్టారి ఫలితం రేపు వస్తుంది. ఆయన ఇంట్లో మనవరాలు ఉందని చెప్పింది, నెలల పిల్ల. నేను అడగలేదు. ఆమే చెప్పింది.

పేరు పక్కన ఒక గడి ఉంది. "ముందు తెలియజేయకపోవటానికి కారణం." పెన్ను ఆ గడి మీద పెట్టి ఆగాను. ఆగాను, ఆగాను.

"ఏదో ఒకటి రాసేయండి మేడం," అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఇంకా ఎన్ని ఇళ్ళు తిరగాలో. "అది ఎవరూ చదవరు."

ఎవరూ చదవరు. అయినా రాయలేకపోయాను. ఖాళీగా వదిలి సంతకం పెట్టాను. ఆమె చూసి, అట్ట సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 2న దాచాను. అందులో అనుమానం లేదు, జ్వరం లేదు, పగటి వెలుగులో, నీళ్ళ గ్లాసు ఇస్తూ దాచాను. నేను అడుగుతున్నది జనవరిలో ఆసుపత్రిలో చేరిన రెండో రోజు సంగతి. ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళినా ఆ మంచం కనపడుతుంది, అట్ట కనపడుతుంది, రికార్డిస్టు పేరు చెప్తున్న నా గొంతు వినపడుతుంది. దాని తర్వాత నర్సు, "ఇంకెవరైనా?" అంటుంది. అక్కడ నేను ఏదో అనుకున్నాను. ఏమనుకున్నానో దొరకదు. ఆమె గుర్తే రాలేదా, వచ్చి హాస్టలు గుర్తొచ్చిందా, వచ్చి నా ఉద్యోగం గుర్తొచ్చిందా. మూడింటిలో ఏదన్నా నమ్మగలను. ఒక్కోరోజు ఒక్కోటి నమ్ముతున్నాను.

ఎవరికోసమూ కాదు, నాకోసమే తేల్చుకోవాలని చూశాను. తేల్చుకోలేకపోయాను. నేను మర్చిపోయానో, వదిలేశానో నాకు తెలియదు.